సిల్వర్‌లైట్ అప్లికేషన్లకు ఓపెన్‌సిల్వర్ ఎంతవరకు పనికొస్తుంది?

2021 అక్టోబరు 12తో, బ్రౌజర్లో అప్లికేషన్లు నడిపే పాత ప్లగిన్ సిల్వర్‌లైట్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. అందులో రాసిన బిల్లింగ్, స్టాకు అప్లికేషన్లను మొత్తం తిరగరాయకుండా బ్రౌజర్లో నడపాలంటే ఓపెన్‌సిల్వర్ అనే ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ మంచి దారి. జామల్ (స్క్రీన్ల రూపాన్ని రాసే భాష), సీ షార్ప్ కోడ్ చాలావరకు అలాగే ఉంటుంది, నడిచేది ప్లగిన్ అక్కర్లేకుండా బ్రౌజర్లోనే కోడ్ నడిపే వెబ్‌అసెంబ్లీ మీద.

అసలు తిప్పలు అప్లికేషన్ డేటా తెచ్చుకునే సర్వర్ సర్వీసుల దగ్గరే. పాత క్లయింట్‌యాక్సెస్‌పాలసీ ఫైలును (వేరే డొమైన్ సర్వీసును పిలవడానికి సిల్వర్‌లైట్ అనుమతి చూసుకునేది) బ్రౌజర్ పట్టించుకోదు. సర్వీసు వేరే డొమైన్లో ఉంటే కోర్స్ (CORS) హెడర్లు, అంటే వేరే డొమైన్ పిలుపులకు సర్వర్ ఇచ్చే అనుమతి, పెట్టాల్సిందే. సర్వీసుతో మాట్లాడడానికి నెట్ టీసీపీ బైండింగ్ వాడుతుంటే బేసిక్ హెచ్‌టీటీపీకి మార్చండి. కోడ్‌ను కాసేపు ఆపే థ్రెడ్ స్లీప్ ఉన్నచోట స్క్రీన్ బిగుసుకుపోతుంది, మామూలుగా అన్నీ ఒకే థ్రెడ్ మీద నడుస్తాయి కాబట్టి. అక్కడ అవెయిట్‌తో టాస్క్ డిలే రాయండి. కామ్ (COM, విండోస్ ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నడిపించుకునే పద్ధతి) ద్వారా ఎక్సెల్ తెరిచే కోడ్‌పై మాత్రం ఆశ వదులుకోండి, కొత్తగా రాసుకోవడమే. తొలి లోడింగ్ బరువు. ఫైళ్ల సైజు తగ్గించే బ్రోట్లీ కంప్రెషన్ పెట్టకుండా యూజర్ల చేతికి ఇవ్వొద్దు.