జపాన్ డిటెక్టివ్ నవలలు: హిగాషినోనా, యోకోమిజోనా, మత్సుమోతోనా?

జపాన్ మిస్టరీలు చదవాలని ఉందంటే, ఎవరైనా మొదట చెప్పే పేరు కెయిగో హిగాషినో. ఇంగ్లిష్ అనువాదాలు తేలిగ్గా దొరుకుతాయి. నేనూ ఆయనతోనే మొదలుపెట్టాను. కానీ ఇప్పుడు నన్నెవరైనా అడిగితే సెయిచో మత్సుమోతో పేరే ముందు చెబుతాను. ఎందుకో తెలియాలంటే సెయిషి యోకోమిజోని కూడా కలిపి ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

యోకోమిజోది పాతకాలపు పద్ధతి. ‘ది హోంజిన్ మర్డర్స్’ 1946లో సీరియల్‌గా వచ్చింది. ఒకయామా పల్లెటూళ్లో పెద్దింటి పెళ్లి, ఆ రాత్రే గదిలో నూతన దంపతుల శవాలు, బయట మంచులో గుచ్చి ఉన్న కత్తి, అర్ధరాత్రి వినిపించిన కోటో వాద్యం. తలుపులన్నీ లోపల గడియ వేసి ఉంటాయి. చింపిరి జుట్టును గోక్కుంటూ తిరిగే కిందాయిచి అనే కుర్ర డిటెక్టివ్ దాన్ని విప్పుతాడు. వధువు కౌలురైతు కూతురని వరుడి ఇంటివాళ్లు ముఖం ముడుచుకోవడం లాంటివి మనకు కొత్తగా అనిపించవు. కాకపోతే హత్య జరిగిన తీరు మరీ యంత్రంలా ఉంటుంది. తెలివికి ముచ్చటేస్తుంది కానీ, మనిషనేవాడు నిజంగా ఇలా చేస్తాడా అన్న అనుమానం నాకు పోలేదు.

హిగాషినో దీనికి పూర్తిగా ఎదురు దారి. ఇంజినీరుగా ఉద్యోగం చేస్తూనే రాసి, 1985లో మిస్టరీ నవలలకిచ్చే ఎదొగావా రాంపో బహుమతి గెలుచుకున్నాడు. ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే మన కళ్లముందే చూపించేస్తాడు. వేధించే మాజీ భర్తను ఒక తల్లీ కూతురూ చంపేస్తారు. పక్కింటి లెక్కల మాస్టారు ఇషిగామి వాళ్లను కాపాడటానికి పూనుకుంటాడు. ఇక పోటీ ఇషిగామికీ, అతని పాత స్నేహితుడైన భౌతికశాస్త్రవేత్త యుకావాకీ మధ్య. దొరికిపోతారేమోనన్న టెన్షన్ ఒక్క పేజీలోనూ తగ్గదు. చివర్లో నేను ఏడ్చాను, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. 2023లో హిందీలో వచ్చిన ‘జానే జాన్’ సినిమాకు మూలం ఈ నవలే. అయితే ఆయన మిగతా నవలల్లో చాలావాటిని, మలుపు తెలిశాక మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

మత్సుమోతో దగ్గర అలా జరగదు. అసలు ఆధారాలే ఎంత మామూలువో చూడండి. 1958లో పుస్తకంగా వచ్చిన ‘పాయింట్స్ అండ్ లైన్స్’లో (కొత్త అనువాదం పేరు ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’) ఫుకువోకా దగ్గర కషీ సముద్రతీరంలో ఒక జంట శవాలు దొరుకుతాయి. విషం తాగారు, ప్రేమికుల ఆత్మహత్యే అని అందరూ తేల్చేస్తారు. కానీ చనిపోయిన ఆఫీసరు జేబులో రైల్లోని డైనింగ్ కారు రసీదు ఉంటుంది. ఒక్కరికే! తోరిగాయ్ అనే ముసలి డిటెక్టివ్‌కి అది మింగుడుపడదు. కలిసి చావడానికి బయలుదేరిన ఆడమనిషి, ఆకలి లేకపోయినా తోడుగా వెళ్లి కాఫీ అయినా తాగదా? ఇంటికెళ్లి కూతుర్ని అడుగుతాడు. కేసంతా ఈ చిన్న ప్రశ్నతో కదులుతుంది. టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫాం నుంచి 15వ ప్లాట్‌ఫాం కనబడేది సాయంత్రం 5:57 నుంచి 6:01 దాకా, ఆ నాలుగు నిమిషాలే. మిగతా సమయమంతా మధ్యలో రైళ్లు అడ్డం. సరిగ్గా అప్పుడే ఆ జంటను చూసిన సాక్షులున్నారు. అది కాకతాళీయమేనా?

హత్య వెనక ఉన్నది దెయ్యమూ కాదు, శాపమూ కాదు. ఒక మంత్రిత్వ శాఖలో లంచాల వ్యవహారం. పెద్దవాళ్లను కాపాడటానికి కిందిస్థాయి ఆఫీసరు బలి కావడం చదువుతుంటే కోపం వస్తుంది. డిటెక్టివ్ కథ చదివి కోపం రావడం నాకు అదే మొదటిసారి. లోపం లేదని కాదు. తేలిగ్గా తట్టాల్సిన ఒక విషయం పోలీసులకు చాలా ఆలస్యంగా తడుతుంది. నాకు దానికంటే ముందే తట్టింది.

ఆయనదే ‘ఇన్‌స్పెక్టర్ ఇమానిషి ఇన్వెస్టిగేట్స్’లో అయితే ఆధారం ఒక యాస. హత్యకు ముందు బార్‌లో వినబడిన ఈశాన్య జపాన్ యాస, ‘కమేదా’ అన్న ఒక్క మాట. మాట వినగానే శ్రీకాకుళమో చిత్తూరో చెప్పేసే తెలుగువాళ్లకు ఈ వెతుకులాట ఎంత రుచిగా ఉంటుందో చెప్పలేను.

అలాగని అందరికీ ఒకే సలహా కుదరదు. రెండు రాత్రుల్లో ముగించే పుస్తకం కావాలంటే హిగాషినో. మూసిన గది చిక్కుముడి మీద మోజుంటే యోకోమిజో. నిదానంగా నడిచే కథకు ఓపిక ఉంటే మాత్రం ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ తీసుకోండి. చదివేటప్పుడు జపాన్ మ్యాప్ ఒకటి దగ్గర పెట్టుకుని, నైరుతిన క్యూషూ దీవి, ఉత్తరాన హొక్కైడో ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.