నాస్ పెట్టె, పాత డెస్క్‌టాప్, మినీ పీసీ: ఇంట్లో సినిమాలు దాచుకోడానికి ఏది మేలు?

మా మావయ్య పర్లాకిమిడిలో సీడీలు అద్దెకిచ్చే షాపు మూసేసినప్పుడు మిగిలిన డిస్కులన్నీ రెండు గోనె సంచుల్లో మా ఇంటి అటక ఎక్కాయి. తెలుగువి ఎక్కువ, హిందీవి కొన్ని, ఒడియావి ఇంకొన్ని. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. దించి చూసేసరికి కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటికి పైపూత రేకుల్లా లేచిపోయింది, ఇప్పుడు కాపీ చేసుకోకపోతే ఇంక అంతే అని అర్థమైపోయింది. ఓటీటీలో ఉంటాయి కదా అంటారు. అన్నీ ఉండవు, ఉన్నవి కూడా హక్కుల గడువు తీరగానే మాయమవుతాయి.

సరే, కాపీ చేసి ఎందులో పెట్టాలి? బరంపురంలో ఉన్న మా బావ రెడీమేడ్ నాస్ పెట్టె, అంటే డిస్కులు బిగించి ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డబ్బా, కొనమన్నాడు, ఆయనకి అదే ఉంది. రాయగడలో తమ్ముడు "ఎందుకన్నయ్యా ఇదంతా, హార్డ్ డిస్క్ కొని టీవీకి గుచ్చెయ్" అన్నాడు. నేను ఇద్దరి మాటా వినకుండా పాత డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను, ఏడాదిన్నరగా అదే నడుస్తోంది. మధ్యలో ఒక స్నేహితుడికి మినీ పీసీ కూడా బిగించిచ్చాను కాబట్టి నాలుగూ దగ్గర్నుంచి చూశాను.

ముందు లెక్క వేసుకోండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే భయపడి అక్కర్లేని సామాను కొంటారు. వీసీడీ అంటే మన మూడు గంటల సినిమాకి మూడు డిస్కులు, అన్నీ కలిపి 2 జీబీ. డీవీడీ అయితే ఒక పొర డిస్కు 4.7 జీబీ, రెండు పొరలది 8.5. నా దగ్గర తేలినవి రెండొందల వీసీడీ సినిమాలు, నూట యాభై డీవీడీలు. డీవీడీకి సగటున 6 జీబీ వేసుకున్నా మొత్తం 1.3 టీబీ. అంతే! 4 టీబీ డిస్కులో సగం కూడా నిండదు. బ్లూరేలు దండిగా ఉన్నవాళ్ల కథ వేరు, అక్కడ ఒక్కో డిస్కు 25 నుంచి 50 జీబీ, వాళ్లకి నాలుగు డిస్కులు పట్టే పెట్టె కావాల్సిందే.

తమ్ముడి పద్ధతి తీసిపారేసేది కాదు. ఒకే టీవీ, ఒకే మనిషి, వెయ్యి జీబీ లోపు సినిమాలు అయితే అంతకంటే చవక ఏదీ లేదు. కానీ కొన్ని చిక్కులున్నాయి. డిస్క్ ఫార్మాట్ ఫాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫాట్‌లోకో ఎన్‌టీఎఫ్ఎస్‌లోకో మార్చాలి, మారిస్తే కొన్ని పాత టీవీలు చదవవు. 2 టీబీ దాటిన డిస్కుని అసలు గుర్తుపట్టని టీవీలూ ఉన్నాయి. ఇంకోటి, బొమ్మ వస్తుంది మాట రాదు. ఇది డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్ గొడవ, శాంసంగ్ 2018 నుంచే తన టీవీల్లో డీటీఎస్ తీసేసింది. డిస్క్ పాడైందనుకుని తమ్ముడు రెండు రోజులు టెన్షన్ పడ్డాడు పాపం. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, అమ్మ మధ్యాహ్నం సగం చూసి ఆపిన సినిమా సాయంత్రం తన గదిలో రెండో టీవీలో అక్కడి నుంచే చూడాలంటే కుదరదు, డిస్క్ పీకి మోసుకెళ్లాలి. అలా పీకి గుచ్చి పీకి గుచ్చి వాడి మొదటి డిస్క్ సాకెట్ వదులైపోయింది.

ఇక బావ పెట్టె. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంటుంది. చప్పుడు లేదు, రెండు డిస్కులు పెట్టి ఆన్ చేస్తే అరగంటలో పని అయిపోతుంది, ఫోన్లో యాప్ ఉంటుంది, ఫొటోలు కూడా అందులోకే పోతాయి. "నువ్వు నీ డబ్బాతో కుస్తీ పట్టుకోరా, నేను సినిమా చూసుకుంటాను" అంటాడు. ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఖాళీ పెట్టెకే 20 వేల పైమాట, డిస్కులు వేరే. ఆ డబ్బుకి లోపల ఉండేది చిన్న ప్రాసెసర్, మెమరీ కొసరికొసరి వేసినట్టు ఉంటుంది. పైగా సాఫ్ట్‌వేర్ వాళ్లది, రేపు అప్‌డేట్‌లో ఏం ఉంచుతారో ఏం తీసేస్తారో వాళ్లిష్టం. బావ పెట్టెలో సినిమాలు చూపించే యాప్ అలాగే ఒక అప్‌డేట్‌తో పోయింది, ఆయన నాకే ఫోన్ చేశాడు! డిస్కులోని సినిమాల్ని టీవీల్లో, ఫోన్లలో చూపించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వేసిచ్చాను. మరి అదే వేసుకునేటప్పుడు అంత ఖరీదు పెట్టె ఎందుకు బావా అంటే నవ్వేశాడు. ఇంకా ముఖ్యమైంది, బోర్డు పోతే సర్వీసుకి విశాఖో భువనేశ్వరో పంపాలి, అది వచ్చేదాకా లోపలి డిస్కులు తీసి విండోస్ కంప్యూటర్‌కి పెట్టినా చదవదు, ఎందుకంటే అవి లినక్స్ అనే, విండోస్ లాంటిదే ఇంకో వ్యవస్థ పద్ధతిలో ఉంటాయి.

ఇప్పుడు డెస్క్‌టాప్. నేను కొన్నది అసెంబుల్డ్ సెట్, ఇంటెల్ ఏడో తరం ఐ3-7100 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, ఆరున్నర వేలు. ఏడో తరమే ఎందుకు పట్టుకున్నానంటే ఇంటెల్‌లో 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే కొత్త రకం కుదింపు వీడియోని చిప్పే విప్పుకోవడం అక్కడే మొదలైంది, ఆరో తరంలో 8 బిట్ వరకే. ఇంత చవగ్గా రావడానికీ కారణం ఉంది. విండోస్ 11 ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది, దాంతో ఆఫీసులు వీటిని వదిలించుకుంటున్నాయి. మనం వేసేది ఎలాగూ లినక్సే కాబట్టి మనకి పండగ. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆఫీసుల నుంచి వచ్చే బ్రాండెడ్ డబ్బాలు సన్నగా ముద్దుగా ఉంటాయి కానీ చాలావాటిలో ఎస్ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే పెట్టె, కొలత వేరే, పోతే మన బజారులో దొరకదు. మామూలు క్యాబినెట్ అయితే ఏ రిపేరు షాపులోనైనా గంటలో మార్చేస్తారు. పాత సెట్‌తో వచ్చిన పాత డిస్కు మాత్రం సినిమాలకి వాడకండి, డిస్కు కొత్తదే కొనండి.

చెడ్డ సంగతులూ చెప్పాలి. చప్పుడు చేస్తుంది. మొదటి వారమే అమ్మ "ఏటిరా ఇది, రాత్రంతా గురకెడతాది?" అంది, హాల్లోంచి మెట్ల కిందికి మార్చాను. చోటు పడుతుంది. వెనక సందుల్లోంచి బల్లి దూరింది, ఒకసారి తెరిచేసరికి ఫ్యాన్ పక్కన రెండు గుడ్లు! ఆ సందులకి దోమల జాలీ ముక్క అతికించాక శాంతించింది.

మినీ పీసీ అంటే ఇప్పుడు అందరూ చెప్పే ఎన్100 రకం. 2023లో వచ్చిన ఇంటెల్ చిప్పు, నాలుగు కోర్లు, 6 వాట్ల రకం, ఏవీ1 అనే ఇంకా కొత్త రకం వీడియో కూడా విప్పుతుంది, నా ఐ3కి అది రాదు. అరచేతిలో పడుతుంది, చప్పుడు దాదాపు లేదు. కానీ లోపల పెద్ద డిస్కుకి చోటుండదు, యూఎస్‌బీతో బయట వేలాడదీయాలి, పిల్లలున్న ఇంట్లో ఆ తీగ ఎప్పుడో ఒకప్పుడు కదులుతుంది.

కరెంటు బిల్లు గురించి ఎక్కువ భయపెడుతుంటారు, లెక్క చూద్దాం. నా డెస్క్‌టాప్ డిస్కుతో కలిపి ఖాళీగా ఉన్నప్పుడు 30 వాట్లు, రోజంతా నెలంతా ఉంచితే 22 యూనిట్లు. మినీ పీసీ, డిస్కు కలిపి 15 వాట్లు, 11 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే నెలకి తేడా 55 రూపాయలు. మినీ పీసీకి నాకంటే స్నేహితుడికి 8 వేలు ఎక్కువైంది, ఆ 8 వేలు కరెంటులో రాబట్టాలంటే పన్నెండేళ్లు పడుతుంది. బిల్లు చూసి మినీ పీసీ కొనక్కర్లేదు.

కరెంటు పోవడం చూసి మాత్రం కొనచ్చు. మా వైపు వేసవి సాయంత్రం గాలి లేస్తే కరెంటు పోవడం మామూలే, పోతూ వస్తూ పోతూ ఉంటుంది, కొత్త సినిమా కాపీ అవుతుండగా అలా జరిగితే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు, దాని మీద ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే మారే లోపలే కంప్యూటర్ ఆరి వెలుగుతుంది. బావ పెట్టెకి యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ తగిలిస్తే బ్యాటరీ అయిపోకముందే అదే మర్యాదగా పడుకుంటుంది, ఈ ఒక్క విషయంలో రెడీమేడ్‌కి మార్కులు. లినక్స్‌లో నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నేనూ అదే చేశాను కానీ ఒక ఆదివారం పోయింది. చవక యూపీఎస్‌లలో ఆ యూఎస్‌బీ ఉండదు, కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. మినీ పీసీ ఇక్కడ అందర్నీ కొట్టేస్తుంది. చాలావాటి అడాప్టర్ 12 వోల్టులే, 3.5 అంగుళాల బయటి డిస్కుదీ 12 వోల్టులే, కాబట్టి రౌటర్‌కి పెట్టుకునే చిన్న డీసీ యూపీఎస్ లాంటిది, ఆంపియర్లు సరిపోయేది చూసుకుని పెడితే చాలు, మధ్యలో 230 వోల్టుల గొడవే లేదు. ఏ కంప్యూటర్ కొన్నా బయోస్‌లోకి, అంటే ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టండి, లేకపోతే మీరు ఊళ్లో లేనప్పుడు అమ్మకి ఫోన్లో బటన్ ఎక్కడుందో చెప్పాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గర నాకు పెద్ద చర్చ లేదు, జెల్లీఫిన్ ఉచితం. ప్లెక్స్ అని అలాంటిదే ఇంకోటి ఇంకా నున్నగా ఉంటుంది కానీ టీవీ చదవలేని వీడియోని చిప్పుతో మార్పించే పని డబ్బు కడితేనే. ఫైల్ పేరులో సంవత్సరం తప్పకుండా రాయండి, మన సినిమాల్లో ఒకే పేరుతో రెండు మూడు ఉంటాయి, లేకపోతే జెల్లీఫిన్ పాత నలుపు తెలుపు సినిమాకి కొత్త హీరో పోస్టర్ అతికించి కూర్చుంటుంది. ఒడియా పాతవాటికైతే చాలావాటికి పోస్టరే దొరకలేదు, డిస్కు అట్టని ఫొటో తీసి పెట్టాను. వైఫై సరిపోతుందా అని అడుగుతారు, డీవీడీ వేగం సెకనుకి 10 మెగాబిట్లే, ఏదైనా సరిపోతుంది.

నా మాట ఇది: టీవీ ఒక్కటే అయితే తమ్ముడి దారి, చేతిలో డబ్బుండి తీరిక లేకపోతే బావ దారి, కరెంటు మరీ అధ్వానంగా ఉన్న ఊరైతే ఎన్100. మిగతా వాళ్లకి పాత డెస్క్‌టాపే. నాకు 4 టీబీ డిస్కు 9 వేల చిల్లర, అలాంటివి రెండు కొన్నా బావ పెట్టిన దానికంటే చాలా తక్కువే.

రెండోది ఎందుకంటే, దాన్ని అదే డబ్బాలో జంటగా పెట్టలేదు. ఒకే ఫైల్‌ని రెండు డిస్కుల్లోనూ రాసే రెయిడ్ పెట్టుకుంటే ఒక డిస్కు పోయినప్పుడు ఆదుకుంటుంది, నిజమే, కానీ పొరపాటున డిలీట్ చేస్తే రెండిట్లోనూ పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, అప్పటి నుంచి అన్నీ ఒకే కప్పు కింద పెట్టాలంటే నాకు మనసొప్పదు. అందుకే రెండో డిస్కు ఏరు దాటి పాతపట్నంలో, అత్తగారింట్లో ఉంది. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టారు, మూడు నెలలకోసారి వెళ్లి కొత్తవి ఎక్కించి వస్తాను. నాఫ్తలీన్ ఉండల వల్ల ఏమీ కాదు కదా అని అత్తగారు ప్రతిసారీ అడుగుతారు. డిస్కుకి ఏమీ కాలేదు కానీ నా బ్యాగు మాత్రం వారం రోజులు అదే వాసన.