మూలికల శిబిరమా, విత్తనాల మూటా: ఊరికి ఏది మేలు?

నల్లమల అంచున, ఆత్మకూరు చుట్టుపక్కల మహిళా సంఘాలతో, చెంచు గూడేలతో పనిచేసేవాళ్ల మధ్య తొలకరి ముందు తరచూ వచ్చే చర్చ ఇది. చేతిలో ఉండేది కొంచెం డబ్బు. దాంతో ఒకరోజు మూలికా వైద్య శిబిరం పెట్టి చూర్ణాలు పంచాలా? లేక కొర్రలు, సామలు, అనుములు, ఆకుకూరల విత్తనాలు మూటలు కట్టి ఇంటింటికీ ఇచ్చి, చెంచు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని గట్ల మీద ఆకులు గుర్తుపట్టడం నేర్పించాలా? నా ఓటు విత్తనాలకే. అలాగని శిబిరాన్ని తీసిపారేయలేను.

షామియానా వేసి మైకులో చెబితే చాలు, జనం వస్తారు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. అక్కడే బీపీ, షుగర్ చూస్తే, అప్పటిదాకా జబ్బున్న సంగతే తెలియనివాళ్లు బయటపడతారు. ఇది చిన్న మేలేం కాదు. మరి ఇచ్చిన పొట్లం అయిపోయాక? అందులో ఏ ఆకు ఉందో, ఎంత మోతాదులో వాడాలో చాలామందికి తెలియదు. తెలియని పొడి అంటే నాకు భయం కూడా. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. దాన్ని పోలిన ఇంకో తీగను పొరపాటున వాడి ఉండొచ్చని చెప్పింది. ఎవరి మాట నిజమైనా, తీగను చూసి గుర్తుపట్టలేని మనిషి చేతిలో దాని పొడి పెట్టడం మంచిది కాదు.

ఇంకో సంగతి. చూర్ణాల్లో చాలావాటికి కావాల్సింది వేళ్లు. మన సీమలో ఎండాకాలం తాగే నన్నారి షర్బత్‌నే చూడండి. దానికి వాడే మారేడు గడ్డల (బిల్వ చెట్టు కాదు, ఇది వేరే తీగ) కోసం కొండల్లో ఆ తీగను వేళ్లతో సహా పెకలిస్తున్నారు. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు మొత్తం తవ్వితే తీగే పోతుంది. చెంచు పెద్దలు తినే గడ్డ తవ్వినా తీగ మొదలు మట్టిలో కప్పి వస్తారు. కిలోల లెక్కన కొనే వ్యాపారికి ఆ ఓపిక ఎక్కడిది?

ఇక విత్తనం సంగతి. కొర్రలు ఎకరాకు రెండు కిలోలు చాలు. నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ల సూర్యనంది రకం 70–75 రోజుల్లో కోతకొస్తుంది, వాన కాస్త ముఖం చాటేసినా చేతికి ఏదో ఒకటి దక్కుతుంది. కొర్ర తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి రకం తొందరగా కల్తీ కాదు. మంచి వెన్నులు ఏరి గుత్తిగా కట్టి వాసానికి వేలాడదీస్తే వచ్చే ఏటికి విత్తనం ఇంట్లోనే ఉన్నట్టు. హైబ్రిడ్ మొక్కజొన్నకైతే ఏటేటా దుకాణానికి పోక తప్పదు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, అలసందల్లో బూడిద కలిపి కుండలో పోయడం పల్లెల్లో పెద్దమ్మలకు బాగా తెలుసు. శేరు తీసుకున్నవాళ్లు పంటయ్యాక సంఘానికి రెండు శేర్లు ఇవ్వాలని కట్టుబాటు పెట్టుకుంటే, రెండో ఏడు ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

చిక్కు ఎక్కడంటే పొట్టు తీయడంలో. దగ్గర్లో కొర్రలు ఆడించే మర లేకపోతే ఆ దంచుడంతా ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. పండినా అమ్మేసి కోటా బియ్యమే వండుకుంటారు. అందుకే మర సంగతి తేల్చుకోకుండా విత్తనాలు పంచొద్దని నేను గట్టిగా చెబుతాను.

గట్ల మీది ఆకులకు మాత్రం ఖర్చే లేదు. గురుగాకును వెండి, గులాబి రంగు కలిసిన వెన్ను వేయకముందే లేతగా గిల్లి పప్పులో వేసి ఎనిపితే సంగటిలోకి ఎంత బాగుంటుందో! చెంచలాకు, పొన్నగంటి, తుమ్మికూర కూడా అంతే. కలుపుమందు కొట్టిన పత్తిచేల గట్ల మీద మాత్రం కోయకూడదు. ఆకులు చూపించడానికి వచ్చే చెంచు పెద్దలకు ఆ రోజు కూలి కట్టి ఇవ్వాలి, ఊరికే తిప్పుకోకూడదు. వాళ్ల సంప్రదాయ జ్ఞానం మీద సమిష్టి హక్కు వాళ్లదేనని 2006 అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. వాళ్లను అడగకుండా మందుల గుట్టు పుస్తకాలకు, ఫోన్లకు ఎక్కించడం తప్పు.

మందుల్లో ఇంటింటికీ నేర్పాల్సినవి నాలుగైదే. నల్లేరు పచ్చిగా ముట్టుకుంటే దురద, కాబట్టి చేతికి నూనె రాసుకుని తరిగి, బాగా వేయించి చింతపండుతో పచ్చడి చేయాలి. ఒళ్లు నొప్పులకు వాయిలాకు మరిగించిన నీళ్లతో స్నానం. నేర్పాల్సినవాటిలో మునగాకు, తులసి కూడా ఉన్నాయి. పాము కరిస్తే, కళ్లు పచ్చబడితే, జ్వరం మూడు రోజులైనా తగ్గకపోతే ఏ ఆకూ నూరొద్దు, నేరుగా ఆసుపత్రికే.

ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) నెలకోసారైనా రాని గూడెమైతే శిబిరానికే ముందు డబ్బు పెట్టండి, అందులో చూర్ణాల కన్నా పరీక్షలు ఎక్కువ ఉండాలి. మిగతా ఊళ్లలో తొలకరికి విత్తనాలు అందాలి, శిబిరం సంక్రాంతి దాటాక పెట్టుకోవచ్చు. అప్పటికి కొర్రలు ఇళ్లకు చేరి ఉంటాయి. వచ్చినవాళ్లందరికీ కొర్రన్నం, ఆకుపప్పు వండి పెట్టొచ్చు.