ఇరవై ఎనిమిది నెలలు, నాలుగు జతల చక్రాలు, గాంధీ రోడ్డు

మా మనవరాలికి పది నెలలున్నప్పుడు కొన్న స్ట్రోలర్ ఇది, పిల్లలను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి. ఇప్పుడు మనవరాలికి మూడేళ్లు దాటాయి, సీటు తమ్ముడి వశమైంది. వాడికి ఏడాదిన్నర. మేముండేది కొర్లగుంటలో. ఆదివారం వస్తే పిల్లలిద్దరినీ తీసుకుని నేను, మా ఆవిడ, కోడలు తిరుపతి నడిబొడ్డుకు బయలుదేరతాం. అబ్బాయికి సెలవు దొరికితే వాడూ వస్తాడు. కొన్న వారానికే రాసిన సమీక్షలు చాలా చదివాను. ‘రంగు బాగుంది, పాపకు నచ్చింది’ అని ఉంటాయి. ఆ రంగు ఎండకు వెలిసిపోయిన తరువాత సంగతులు కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

గొడుగులా పొడవుగా మడిచే రకం. బరువు ఏడు కిలోలు, అప్పట్లో ధర ఆరు వేల చిల్లర. కంపెనీ పేరు చెప్పను. ఆ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒంటి చేత్తో మడవవచ్చని డబ్బా మీద బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మలో తల్లి రెండో చేతిలో బిడ్డ లేదు. నిజానికి ఒక చెయ్యి, ఒక కాలు, పక్కన బిడ్డను ఎత్తుకుని నిలబడే నాయనమ్మ ఉంటేనే మడతపడుతుంది. మడిచాక మాత్రం ఆటోలో వెనుక సీటు వెనకాల ఉండే ఖాళీలో కొలిచి చేసినట్టు పడుతుంది. ఈ ఒక్క గుణానికే సగం డబ్బులు గిట్టాయనుకుంటాను.

ఇక చక్రాలు. ముందువి రెండు జతలు, వెనుకవి రెండు జతలు, అన్నీ అరచేతి కంటే కాస్త పెద్దవి. షాపులోని నున్నటి గచ్చు మీద వేలితో తోస్తే వెళ్లిపోయింది. గాంధీ రోడ్డు మీద ఆ వైభవం లేదు. అరవై ఏళ్లుగా నడుస్తున్న వీధిలో మెట్టు ఎక్కడుందో, వాలు ఎక్కడుందో ఈ బండి తోసేదాకా నాకు తెలియదు. కాలిబాట మీద పది అడుగులు వెళ్లేసరికి జామకాయల బండి, దాన్ని తప్పించుకుంటే కరెంటు స్తంభం, ఆ తరువాత అడుగు ఎత్తున అంచు. చివరికి రోడ్డు మీదకే దిగాలి. దిగితే ఇంకో చిక్కు. సీటులో కూర్చున్న పిల్లవాడి ముఖం సరిగ్గా ఆటోల పొగగొట్టం ఎత్తుకు వస్తుంది. ఇది ఏ సమీక్షలోనూ కనబడలేదు. ఒకసారి సిగ్నల్ దగ్గర నేనే వంగి వాడి పక్కన కూర్చుని చూశాను, కళ్లు మండాయి. అప్పటినుంచి రద్దీ రోడ్డు దాటేటప్పుడు వాడు చంకలోకి, సంచి బండిలోకి.

అన్నిటికంటే పెద్ద పాఠం గోవిందరాజస్వామి గుడి వీధిలో నేర్చుకున్నాను. ఒకరోజు పొద్దున ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయింది. ఎంత తోసినా బండి గానుగెద్దులా ఎడమకే తిరుగుతోంది. తిరగేసి చూస్తే ఇరుసు చుట్టూ బొంగరానికి తాడు చుట్టినంత బిగువుగా అరటినార, మధ్యమధ్య వాడిన మల్లెమొగ్గలు, మూరెడు పొడవు వెంట్రుకలు. తిరుపతిలో వెంట్రుకలకు కొదవా! గోళ్లతో లాగితే నార ఇంకా లోపలికి దిగింది. మాలలు కట్టే ఆమె చూసి, ‘మా పూలే కదా స్వామీ ఆపింది, మా కత్తితోనే తియ్యండి’ అని నార కోసే చిన్న కత్తి ఇచ్చింది. పది నిమిషాలు పట్టింది. అంతసేపూ పిల్లవాడు కత్తి కోసం ఏడుపు, మనవరాలు మొగ్గలు ఏరుకుంటూ మా కాళ్లకు అడ్డం. ఇప్పుడు జేబులో చిన్న కత్తెర లేకుండా గడప దాటను. ఈ బండి కొనేవాళ్లు చక్రం ఊడదీయడానికి వీలుందో లేదో ముందు చూసుకోండి. నా దానికి ఇరుసు కొసకు బిగించిన మూత ఉంది, అది ఊడదు.

అదే వీధిలో బండికి ఒక మంచి మార్కు కూడా వేయాలి. సీటు వెనక్కి వాలుతుంది. పెద్దవాళ్లం గాలిగోపురం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తాం. ఏడంతస్తులు, దాదాపు 50 మీటర్లు. వాడు మాత్రం పడుకుని, పాలసీసా నోట్లో పెట్టుకుని, కింది నుంచి కలశాల దాకా తాపీగా చూస్తాడు. అక్క పక్కన నిలబడి అంతస్తులు లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు, ఎనిమిది, పది.

గుడిలోకి వెళ్లేటప్పుడు బండి బయటే. చెప్పులకు, బండికి ఒకరు కాపలా, మేము వంతులు వేసుకున్నాం. లోపలి విశాలమైన రాతి ఆవరణలో పిల్లలు పరిగెత్తినంతసేపు వదిలేయవచ్చు. ఒక్క జాగ్రత్త. తప్పిపోతే ‘గుండు, తల నిండా గంధం, ఇంత ఎత్తు’ అని ఆనవాళ్లు చెప్పే ఊరు కాదు ఇది, ఆ పోలికతో కనుచూపు మేరలోనే పాతికమంది ఉంటారు. మా వాడికి పుట్టువెంట్రుకలు తీయించిన నెలలో కోడలు వాడికి చిలకపచ్చ చొక్కాలే వేసింది.

గుడి నుంచి రైల్వే స్టేషన్ నడిచి వెళ్లేంత దూరమే. రైళ్లు చూపిద్దామని బయలుదేరతాం. కానీ స్టేషన్ పునర్నిర్మాణ పనులు మొదలైన దగ్గరినుంచి రైలును పట్టించుకునేవాళ్లు లేరు. పసుపు రంగు జేసీబీ మట్టి ఎత్తి లారీలో పోస్తుంటే ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తారు. ముప్పావు గంట హాయిగా గడుస్తుంది, టికెట్టు అక్కర్లేదు, బండికి బ్రేకు వేసి మేము ఫ్లాస్కులో కాఫీ తాగవచ్చు. ఆ బ్రేకు ఇప్పటికీ గట్టిగానే పడుతోంది.

కపిలతీర్థానికి బండి తీసుకెళ్లకండి, మెట్లు, తడి, జనం. అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ సైన్సు కేంద్రం మాత్రం చక్రాలకు ఊపిరి పోసే చోటు. వంకర అద్దాల ముందు మా ఆవిడ కూడా నవ్వడం చూశాను, అది తరచూ జరిగేది కాదు. జూకి వెళ్తే రోజంతా కావాలి, దాని సంగతి వేరు.

ఎండ గురించి చెప్పకపోతే తిరుపతి గురించి చెప్పినట్టే కాదు. బండి కప్పు గుడ్డ నలుపు. వేసవిలో తొమ్మిదిన్నర దాటితే దాని కింద గాలి ఆడదు, సీటు వీపుకు అంటుకుంటుంది. నేనైతే నలుపు కొననే కూడదంటాను. మార్చి నుంచి జూన్ దాకా ఆరున్నరకు ఆటో ఎక్కి, ఎనిమిదింటికి ఇడ్లీ తినిపించి, తొమ్మిదిన్నరకు ఇంటి దారి పడతాం. ఒక్కసారి ‘ఇంకో అరగంట’ అన్నాను. ఆ మధ్యాహ్నమంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు, పిల్లవాడికి ఒళ్లంతా చెమటకాయలు.

అరిగినవి చెబుతాను. భుజాల పట్టీల క్లిప్పు పద్నాలుగో నెలలో విరిగింది. విడిభాగం కోసం ఫోను చేస్తే మొత్తం సీటు కొనమన్నారు. సంచులు కుట్టే దర్జీ పాత బడిసంచి క్లిప్పు వేసి కుట్టాడు, ముప్పై రూపాయలు, ఇప్పటికీ అదే. కింది బుట్ట గుడ్డ చినిగి రెండుసార్లు కుట్టించాం. ముందు చక్రాల రబ్బరు ఒక పక్కకే అరిగింది. గొట్టాలు మాత్రం వంగలేదు, తుప్పు లేదు.

కొనాలా అని పక్కింటి అమ్మాయి అడిగింది. రోజూ ఎత్తుకునేవాళ్లు ఇద్దరుంటే అక్కర్లేదన్నాను. ఒక్కతే ఇద్దరితో బయటకు వెళ్లాల్సి వస్తే కొనమన్నాను. పిల్లవాడు నిద్రపోయాక ఆ పదమూడు కిలోలు భుజం మీద ఉండవు, అది చాలా పెద్ద సంగతి.

పోయిన ఆదివారం వాడు ఎక్కనంటే ఎక్కనన్నాడు. మనవరాలు ఖాళీ బండి తోసింది, వాడు పక్క గొట్టం పట్టుకుని నడిచాడు. సీటులో ఫ్లాస్కు, కిలో జామకాయలు, నారతో కట్టిన మల్లెపూలు, వాడి చెప్పు ఒకటి. రెండోది గాంధీ రోడ్డులో ఎక్కడ విసిరాడో వెనక్కి వెళ్లి రెండుసార్లు వెతికాను, దొరకలేదు.