పిల్లల పళ్ల చెకప్: వీధి చివరి క్లినిక్కా, పిల్లల స్పెషలిస్టా?

మొదటి పన్ను ఆరో నెల ప్రాంతంలో వస్తుంది. ఏడాది నిండేలోపే ఒకసారి చూపించమంటారు పిల్లల పళ్ల డాక్టర్లు. మనమేమో "పాల పళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని వదిలేసి, బుగ్గ వాచాక పరిగెత్తుతాం. వెళ్లిన మొదటిసారే పన్ను పీకించుకున్న పిల్లాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కమంటే తొక్కుతాడా? నొప్పి లేనప్పుడు వెళ్లడమే సగం పని.

వెళ్లేది ఎక్కడికి మరి? పెడోడాంటిస్టులంటే పిల్లల పళ్ల స్పెషలిస్టులు. పళ్ల డాక్టర్లందరూ చదివే బీడీఎస్ తర్వాత మూడేళ్లు పిల్లల పళ్ల మీదే ఎండీఎస్ అనే పీజీ చేసినవాళ్లు. వాళ్ల పద్ధతి ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆపైనే చేయడం. చిన్న అద్దం పిల్లల చేతికిచ్చి ఆడుకోనిస్తారు. గాలి గొట్టం ముందు అరచేతి మీద ఊది, పిల్లలు నవ్వాకే నోటి దగ్గరికి తెస్తారు. రెండేళ్లలోపు వాళ్లకైతే కుర్చీ కూడా అక్కర్లేదు. అమ్మ, డాక్టరు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల డాక్టరు ఒళ్లో, కాళ్లు అమ్మ నడుముకు అటూ ఇటూ. ఏడ్చినా ఫర్వాలేదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది!

చిక్కేమిటంటే వీళ్లు ఎక్కువగా సిటీల్లోనే ఉంటారు, ఫీజూ ఎక్కువే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో పిల్లల విభాగం ఉంది. ఖర్చు తక్కువ, కానీ క్యూలో నిలబడేసరికి పిల్లలు విసిగిపోతారు.

నన్నడిగితే, ఆరు నెలలకోసారి ఉత్త చెకప్‌కి ఇంటి దగ్గరి డాక్టరే మేలు, ఆ డాక్టరుకి పిల్లలతో ఓపిక ఉంటే. రెండు బస్సులు మారాలంటే రెండోసారి మనమే వాయిదా వేస్తాం. ముందు ఫోన్ చేసి "చిన్నపిల్లల్ని చూస్తారా?" అని అడగండి, నీళ్లు నమిలితే వేరేచోటు చూసుకోండి. పళ్లు పుచ్చినా, పిల్లలు బాగా బెదిరిపోయి ఉన్నా మాత్రం దూరమైనా స్పెషలిస్టు దగ్గరికే.

ఎక్కడికెళ్లినా "అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా" అన్న బెదిరింపు ఇంట్లో వినపడకూడదు. "నొప్పేం ఉండదులే" కూడా వద్దు, లేని నొప్పిని మనమే గుర్తుచేసినట్టవుతుంది. "పళ్లు లెక్కపెడతారు" అంటే చాలు.

ఆరేళ్లప్పటి చెకప్ మాత్రం ఎగ్గొట్టకండి. పాల పళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పన్ను వస్తుంది. చాలామంది దాన్నీ పాల పన్నే అనుకుంటారు. అది పుచ్చిపోతే దాని చోట ఇంకోటి రాదు.