నా ఛార్జరు కూడా చూసిన రిచీ స్ట్రీట్ షాపు

నేను చెన్నై పెరంబూరులో ఇంట్లోనే తెలుగు డీటీపీ చేస్తాను, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టి పేజీలు కూర్చే పని. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఇక్కడి తెలుగు సంఘాల కరపత్రాలు. ఒక ల్యాప్‌టాప్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అనూ ఫాంట్లు, అంతే నా ప్రెస్సు. ఆ ల్యాప్‌టాప్ నాలుగు నెలలు నన్ను ఏడిపించింది. చివరికి ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కొట్లన్నీ ఉండే రిచీ స్ట్రీట్‌లో ఒక మేడ మీద షాపులో గంటన్నరలో బాగైంది. ఆ షాపు సంగతి మన వాళ్లకి తెలియాలని ఇది రాస్తున్నాను.

రోజూ స్లోగా ఉంటే పాతబడిందిలే అనుకునేదాన్ని. అలా కాదు. పొద్దున చక్కగా ఉండేది, అన్నం తిని వచ్చి కూర్చునేసరికి మౌస్ బాణం బురదలో నడిచినట్టు నడిచేది. రెండు రోజులు ఏ గొడవా ఉండదు, మూడో రోజు మళ్లీ మొదలు. ‘సుబ్బమ్మ’ అని కొడితే ‘బ’ పడ్డాక దాని కింద వత్తు రావడానికి కళ్లప్పగించి చూడాలి. నొక్కలేదేమోనని ఇంకోసారి నొక్కితే రెండూ ఒక్కసారే వచ్చి పడతాయి. ఒక పత్రికలో ముహూర్తం 9.12 అని ఉండాల్సింది 9.112 అని పడింది. ప్రూఫులో పెళ్లికూతురి మేనమామ పట్టుకున్నాడు కాబట్టి పరువు దక్కింది. పేరులో తప్పు పడితే జనం సర్దుకుంటారు, ముహూర్తంలో తప్పు పడితే ఆ ఇంటి వాళ్లు మళ్లీ మన గడప తొక్కరు.

మొదట ఇంటి దగ్గర ఒకతనికి ఇచ్చాను. ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించి, 900 తీసుకున్నాడు. డెస్క్‌టాప్ మీద ఏమైనా ఉన్నాయా అని ఒక్క మాట అడగలేదు. మూడేళ్లుగా దాచుకున్న పత్రికల మాస్టర్ ఫైళ్లలో సగం అక్కడే ఉన్నాయి, పోయాయి. షాపులో ఆన్ చేసి చూపిస్తే గుర్రంలా పరిగెత్తింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు మళ్లీ అదే బురద. తర్వాత వెళ్లిన చోట బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది 3,200 పెట్టి వేయించాను. అక్కడా షాపులో బాగానే పనిచేసింది. ఇంట్లో ఆ కొత్త బ్యాటరీ కూడా ఒక్కోరోజు 58 శాతం దగ్గర ఆగిపోయి పైకి ఎక్కేది కాదు. మళ్లీ వెళ్లి అడిగితే, ర్యామ్, అంటే మెమరీ, 8 జీబీ చాలదు, 16 చేయించుకోండి అన్నారు. అప్పుడు మాత్రం డబ్బు తీయడానికి చెయ్యి రాలేదు.

మా అమ్మాయి బలవంతం మీద రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. పెరంబూరులో లోకల్ ట్రైనెక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడ మెట్రో మారితే తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడి నుంచి నడిచిపోవచ్చు. బండి మాత్రం తీసుకెళ్లకండి, ఆ సందుల్లో నిలబెట్టుకోవడానికి జాగా దొరకదు. షాపు మొదటి అంతస్తులో, సీసీ కెమెరాల కొట్టు పక్క నుంచి ఇనుప మెట్లు ఎక్కితే వస్తుంది. బోర్డు మీద ‘ల్యాప్‌టాప్ సర్వీస్’ అని తప్ప వేరే పేరు లేదు. లోపల రెండు బల్లలు, ఒక ఫ్యాను, గోడ నిండా కొక్కేలకి వేలాడే ఛార్జర్లు.

బల్ల దగ్గర ఉన్నతనికి ముప్ఫై ఏళ్లుంటాయి. నేను అరవంలో మొదలుపెడితే నా యాస పట్టేసి తెలుగులోకి వచ్చాడు. ‘ఇంట్లో తెలుగే మాట్లాడతామక్కా, చదివేదానికే రాదు’ అన్నాడు. పుట్టి పెరిగిందంతా చింతాద్రిపేటే. మాది నెల్లూరని చెబితే సంతోషపడ్డాడు.

స్క్రూడ్రైవర్ తీస్తాడనుకున్నాను. తీయలేదు. ముందు ప్రశ్నలు. ఎప్పుడు స్లో అవుతుంది? ఎక్కడ కూర్చుని పనిచేస్తారు? కరెంటు పోయినప్పుడు ఎట్లా ఉంటుంది? ఆ మూడో ప్రశ్నకి నేను ఆగిపోయాను. కరెంటు పోయినప్పుడల్లా బాగా పనిచేసేది! ‘హమ్మయ్య, కాస్త వేడి తగ్గిందేమో’ అనుకుని ఆ అరగంటలో గబగబా కొట్టుకునేదాన్ని తప్ప, అదొక గుర్తు అని నాకు తోచలేదు. ఆన్ చేయగానే ఇంగ్లీషులో ఏమైనా వస్తుందా అని కూడా అడిగాడు. కొన్ని రోజులు వచ్చేది, ఏదో కీ నొక్కితే పోయేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

‘ఛార్జరు తెచ్చారా?’ అన్నాడు. అదృష్టం, మా అమ్మాయి బ్యాగు మొత్తం సర్ది ఇచ్చింది. ముందు రెండు చోట్లకీ నేను ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకెళ్లాను. వాళ్లు తమ ఛార్జరు పెట్టి చూశారు. అందుకే షాపులో ఎప్పుడూ బాగుండేది!

నా ఛార్జరు పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, మీద నొక్కితే ‘స్పీడ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. నాది ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, దాని బేస్ స్పీడ్, అంటే మామూలు వేగం, 1.60 గిగాహెర్ట్జ్, పని పడితే 3.4 దాకా వెళ్తుంది. పేజ్‌మేకర్ తెరిచి పేజీలు తిప్పమన్నాడు. తిప్పుతుంటే అంకె 0.79 దగ్గరే కూర్చుంది. అప్పుడు ఛార్జరు వైరుని పిన్ను దగ్గర, మెడలాగా ఉండే చోట, రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం పైకి వంచాడు. కాసేపటికి 2.9, 3.1. వదిలేశాడు. మళ్లీ 0.79. మూడుసార్లు చేసి చూపించాడు. నాలుగు నెలల నా బాధ ఆయన రెండు వేళ్ల మధ్య కనబడింది.

తర్వాత పిన్ను చూపించాడు. గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఉంటుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఆ సూది ద్వారానే ఇది ఎన్ని వాట్ల ఛార్జరో ల్యాప్‌టాప్‌కి తెలుస్తుందట. మెడ దగ్గర లోపలి సన్న వైరు తెగీ తెగనట్టు ఉంటే ఆ సంగతి ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. అందనప్పుడు ల్యాప్‌టాప్ ఆ ఛార్జరుని నమ్మదు, బ్యాటరీకి ఎక్కించడం ఆపేసి ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తుంది. కరెంటు మాత్రం వస్తూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. మనకి అనుమానం ఎట్లా వస్తుంది? కరెంటు పోతే ఛార్జరుతో పనిలేదు కాబట్టి బ్యాటరీ మీద పూర్తి వేగంతో నడిచేది. నా కుర్చీ గోడ వైపు జరిగినప్పుడల్లా వైరు వంగేదని ఇంటికొచ్చాక అర్థమైంది.

ఇంకొకరైతే ఇక్కడే ఛార్జరు అమ్మేసేవాళ్లు. ఇతను తన ఛార్జరు పెట్టి, ల్యాప్‌టాప్ వైపు జాక్ వదులుగా ఉందేమో కదిపి చూశాడు. తప్పు జాక్‌లో ఉంటే కొత్త ఛార్జరు కొన్నా లాభం లేదు కదా. జాక్ గట్టిగానే ఉంది. ర్యామ్ సంగతి అడిగాను. నా ఫైళ్లన్నీ తెరిపించి మెమరీ చూపించాడు. 8లో 5 కూడా దాటలేదు. ‘ఉండేదే ఖాళీగా ఉంటే ఇంకొకటి ఎందుకక్కా’ అన్నాడు. ఈ మాటకే నాకు ఆ షాపంటే గౌరవం కలిగింది.

అరగంట పేజీలు తిప్పిస్తే వేడి 90 డిగ్రీలు దాటుతోందని, అది కూడా వేగం తగ్గిస్తుందని చెప్పి, అడిగి మరీ వెనక మూత తీశాడు. ఫ్యాను పక్కన రాగి రేకుల మీద దుమ్ము దుప్పటిలా పట్టేసి ఉంది. దాన్ని చిన్న పట్టకారుతో పట్టి లాగితే ముక్కగా ఊడొచ్చింది. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాశాడు.

65 వాట్ల ఛార్జరుకి 1,400, క్లీనింగ్‌కి 400. చూసినందుకు విడిగా ఏమీ తీసుకోలేదు. ఛార్జరుకి ఆరు నెలల వారంటీ బిల్లు మీద పెన్నుతో రాసిచ్చాడు, కానీ ఆ బిల్లు నేను అడిగితేనే ఇచ్చాడు. అది నాకు నచ్చలేదు. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. ఆ మెట్లు మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఎక్కలేరు. ఫోన్ చేస్తే ఎత్తరు, నేను తర్వాత మూడుసార్లు చేశాను. సాయంత్రం అయితే జనం ఎక్కువ, ఇంత ఓపిగ్గా ప్రశ్నలు అడిగే తీరిక అతనికీ ఉండదు. పొద్దున షాపు తీసే వేళకే వెళ్లండి. ఆదివారం వద్దు.

ఆరు వారాలైంది. శ్రావణమాసం పత్రికలు ఇరవై రెండు కొట్టాను, ఒక్కసారి కూడా వత్తు కోసం ఆగలేదు. టాస్క్ మేనేజర్‌లో ఆ అంకె ఇప్పటికీ రోజుకోసారి చూస్తాను. మీది కూడా ఒకరోజు బాగుండి ఒకరోజు మొరాయిస్తుంటే, ఛార్జరు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ఆ అంకె చూసి రాసిపెట్టుకోండి. ఏ షాపుకి వెళ్లినా ఆ కాగితం, మీ ఛార్జరు రెండూ పట్టుకెళ్లండి. ఫైళ్లు మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పోయిన నా మాస్టర్ ఫైళ్లు నేను ఒక్కొక్కటే మళ్లీ చేసుకుంటున్నాను, ఇంకా పదకొండు మిగిలాయి.