ఒక్క ఊపులో తేల్చేయాలా, రోజూ పావుగంట సర్దాలా: ఏది మేలు?

ఒక శనివారం పొద్దున్నే బీరువాలో బట్టలన్నీ తీసి మంచం మీద పోశాను. ఇల్లు మారడానికి ఇంకా నెల రోజులుంది. అక్కర్లేనిది ఒక్కటి కూడా కొత్త ఇంట్లోకి రాకూడదని నా పట్టుదల. రాత్రి పదకొండయ్యేసరికి కుప్పలో సగం అలాగే ఉంది, పడుకోవడానికి చోటు లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. మిగిలిన సగాన్ని రెండు చేతులా ఎత్తి మళ్లీ బీరువాలోకి తోసి, తలుపు నొక్కి మూశాను. మధ్యాహ్నం దాకా ఒక్కో చొక్కానూ వెలుతురులో పట్టుకుని చూసి మరీ నిర్ణయించినవాణ్ణి, రాత్రికి దేన్నీ చూడకుండానే అన్నీ ఉంచేశాను.

ఇల్లు సర్దుకుని కొత్తగా మొదలుపెట్టాలనుకునే ఎవరికైనా ముందు వచ్చే సందేహం ఇదే. సెలవు పెట్టి ఒక్క ఊపులో మొత్తం తేల్చేయాలా, రోజూ పావుగంట చొప్పున నిదానంగా చేసుకుపోవాలా? నేను రెండూ చేశాను. ఇల్లంతటికీ ఒకే పద్ధతి సరిపోదని, ఏ వస్తువు దగ్గర ఏది నప్పుతుందో చూసుకోవాలని నాకు అర్థమైంది.

గంటల లెక్క వేస్తే రెండూ ఒకటే. రోజుకు 15 నిమిషాలంటే నెలకు ఏడున్నర గంటలు. ఒక సెలవు రోజంతా కూర్చున్నా అంతే. తేడా వచ్చేది నిర్ణయాల దగ్గర. ప్రతి వస్తువు దగ్గరా ఉంచాలా, ఎవరికైనా ఇవ్వాలా, పారేయాలా అని ఆగాలి. పైకి చిన్న పనే, మనసుకు మాత్రం బరువు. మన చేతిలో ఉన్నదానికి మనం ఎక్కువ విలువ కట్టుకుంటాం. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో ఈ ధోరణికి ఒక పేరు పెట్టాడు. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ తదితరులతో కలిసి 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి, వాటిని ఎంతకు అమ్ముతారని అడిగారు. వాళ్లు చెప్పిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు. అప్పుడే చేతికొచ్చిన కప్పు మీదే అంత మమకారం ఉంటే, పదేళ్లుగా మన సొరుగులో ఉన్నదాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అలాంటి నిర్ణయాలు ఒకే రోజు వందల కొద్దీ తీసుకోవాలంటే సాయంత్రానికి తల పనిచేయదు. అప్పుడు అన్నీ ఉంచేస్తాం, లేదా విసుగొచ్చి ఉంచుకోవాల్సినవి కూడా పారేస్తాం.

ఒక్క ఊపు పద్ధతిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. సగంలో ఆగిపోతే ఇల్లు ముందుకంటే అధ్వాన్నంగా తయారవుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు 60 మందిని వాళ్ల ఇళ్ల గురించి వాళ్ల మాటల్లోనే చెప్పించి, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్‌ను వాళ్లలో కొలిచిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. పొద్దున ఎక్కువగా ఉండే ఆ హార్మోన్ సాయంత్రానికి బాగా తగ్గాలి. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు సగంలో ఉన్నాయని చెప్పిన భార్యల్లో అది తగ్గాల్సినంత తగ్గలేదు. సగంలో ఆగిన పనుల మాట చదివినప్పుడు నాకు ఆ శనివారం రాత్రి గుర్తొచ్చింది. సర్దడం మొదలుపెట్టి వదిలేసిన ఇంట్లో టెన్షన్ ఎంతుంటుందో ఆ వారమంతా చూశాను.

అలాగని ఒక్క ఊపు పద్ధతిని కొట్టిపారేయలేను. కొన్నింటిని ఒకేచోట కుప్పగా చూస్తే తప్ప నిర్ణయం తేలదు. నల్ల ప్యాంట్లు నాకు ఎనిమిది ఉన్నాయని, ఎనిమిదీ పక్కపక్కన పరిచేదాకా తెలియలేదు. రోజుకు ఒక అర చొప్పున సర్ది ఉంటే ఒక్కోటి విడిగా కనిపించేది, ప్రతిసారీ "బాగానే ఉందిగా" అని మడిచి పెట్టేసేవాణ్ణి. ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ రచయిత్రి మారీ కోండో గదుల వారీగా కాకుండా రకాల వారీగా సర్దమనేది ఇందుకే. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, అన్నిటికంటే చివర జ్ఞాపకాల వస్తువులు అని ఆమె వరుస. ఆ వరుస నాకు చాలా నచ్చింది. కుప్ప పోయడంలో నా తప్పేమీ లేదు, బట్టలన్నీ ఒకేసారి పోయడమే తప్పు. రెండోసారి ప్యాంట్లు మాత్రమే తీశాను. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎనిమిదిలో మూడు ఉంచాను. మంచం ఖాళీ, మనసు తేలిక.

రోజూ పావుగంట పద్ధతికి ఉన్న పెద్ద బలం, అది అలవాటుగా మారుతుంది. ఒక కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందని ఫిలిపా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఒక రోజు మానేస్తే ఇక అయిపోయిందని చేతులెత్తేసేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. అయితే దీనికీ ఒక లోపముంది. పావుగంటే కదా అని తేలికైనవే పట్టుకుంటాం. టేబుల్ తుడుస్తాం, చెప్పులు వరసగా పెడతాం, అటక మీది పెట్టెలు మాత్రం నెలలు గడిచినా అలాగే ఉంటాయి. ఇల్లు మారే తేదీ దగ్గర పడినవాళ్లకు ఇది అసలు సరిపోదు.

కొత్త ఏడాది, పుట్టినరోజు, ఆఖరికి సోమవారం లాంటివి వచ్చినప్పుడు మనుషుల్లో కొత్త పట్టుదల పుడుతుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. జిమ్‌కి వెళ్లేవాళ్లు అలాంటి రోజుల తర్వాత పెరుగుతారట. ఆ ఊపు ఎక్కువ రోజులు నిలవదు. కాబట్టి దాన్ని సొరుగులు తుడవడానికి ఖర్చుపెట్టకండి. ఆ మొదటి సెలవు రోజున కుప్పగా చూడాల్సిన ఒకే ఒక్క రకాన్ని పట్టుకుని పూర్తి చేయండి. మిగతాది పావుగంటల మీద నడుస్తుంది.

కాగితాలకు మాత్రం రోజూ పద్ధతే మేలు, ఇందులో నాకు సందేహమే లేదు. కాగితాన్ని చదవకుండా తేల్చలేం. సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, పన్ను రసీదులు, వైద్య రిపోర్టులు పాత కరపత్రాల మధ్యలో దాక్కుని ఉంటాయి. ఒక్క ఊపులో చించేస్తే తర్వాత ఏడ్చినా రావు. రోజుకు ఇరవై కాగితాలు చాలు.

వైర్ల సొరుగు కూడా అంతే. నాది తెరిస్తే ఒకదాన్ని లాగితే నాలుగు వచ్చేవి. ఒక్కో ఛార్జర్‌ను ప్లగ్‌లో పెట్టి చూసి, పనిచేసేదానికి చిన్న కాగితం చుట్టి ఏ వస్తువుదో రాశాను. నాలుగు సాయంత్రాలు పట్టింది, పదకొండు వైర్లు పోయాయి. పాత బ్యాటరీలు దొరికితే చెత్తబుట్టలో వేయొద్దు. లిథియం బ్యాటరీ నలిగితే మంట అంటుకోవచ్చు, ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి. పాత ఫోన్ ఇచ్చేముందు అందులోని సమాచారం పూర్తిగా చెరిపేయాలి.

ఏ పద్ధతిలోనైనా ఎటూ తేలనివి మిగులుతాయి. పనిచేసేచోటు సర్దుకోవడానికి జపాన్ ఫ్యాక్టరీల్లో మొదలైన 5ఎస్ పద్ధతిలో, అవసరమో కాదో తెలియని సామానుకు ఎర్ర చీటీ కట్టి పక్కన పెడతారు. కొంతకాలం ఎవరూ వాడకపోతే తీసేస్తారు. ఇంట్లో ఒక అట్టపెట్టె, దాని మీద ఆరు నెలల తర్వాతి తేదీ చాలు. 5ఎస్‌లో మొదటి మెట్టు సెయిరి, అంటే అక్కర్లేనివి వేరుచేయడం. దేని చోటులో దాన్ని పెట్టే సెయిటన్ ఆ తర్వాతే. అందమైన డబ్బాలు, బుట్టలు ముందే కొనుక్కొచ్చేవాళ్లు ఈ వరుసను తిరగేస్తున్నారు. దాంతో అక్కర్లేని సామానుకు కూడా కొత్త ఇల్లు దొరుకుతుంది.

జ్ఞాపకాల వస్తువులకు పై పద్ధతులేవీ పనికిరావు. మా నాన్నగారి కళ్లజోళ్లు ఐదు, ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఎర్ర చీటీ కట్టలేను, పావుగంటలో తేల్చలేను. చెల్లి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని డబ్బా తెరిచాం. ఒక్కోటి పెట్టుకుని చూసుకుంటూ, ఏ వయసులో ఏది పెట్టుకునేవారో చెప్పుకుంటూ రెండు గంటలు గడిపాం. ఒక కాడకు ఆయన చుట్టిన తెల్ల దారం ఇంకా ఊడలేదు. అది చెల్లి తీసుకుంది. నేను చివరిరోజుల్లో ఆయన పెట్టుకున్నది ఉంచుకున్నాను. మిగతా మూడూ కళ్లద్దాలు సేకరించి అవసరమైనవాళ్లకు అందించేచోట ఇచ్చి వచ్చాం.